టీ డికాషన్‌తో బొమ్మలు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో ఒకే రంగుతో బొమ్మ వేయడం గురించి రాస్తూ, రంగుల పెట్టె కొనలేనివాళ్లు వంటింట్లో టీ డబ్బా తెరిస్తే చాలు, వెలుగూనీడా నేర్చుకోవడానికి అంతకన్నా మంచి రంగు అక్కర్లేదు అన్నాను. ఆ ఒక్క మాట పట్టుకుని చెన్నైలో పెరంబూరు నుంచి తాంబరం దాకా ఉత్తరాలు వచ్చాయి. కొందరు బొమ్మలు కూడా జతచేశారు. రాయపురం నుంచి వచ్చిన పడవ బొమ్మ నా బల్ల మీదే ఉంది, దాన్ని చూస్తూనే ఇది రాస్తున్నాను. అందుకే ఈసారి శీర్షిక మొత్తం టీకే ఇచ్చేశాను. ఒకే సంగతి అడిగినవాళ్ల ప్రశ్నలు కలిపాను, పేర్లు వేయలేదు.

ప్రశ్న (పెరంబూరు నుంచి ఒక గృహిణి): అక్కా, టీ కాచి వడకట్టి బొమ్మ వేశాను. తడిగా ఉన్నప్పుడు ముదురుగా బాగుంది. ఆరాక చూస్తే ఏదో ఒలికిన మరకలా ఉంది. అంచుల్లో మాత్రం గీత గీసినట్టు నల్లగా తేలింది. కాగితం ముడుచుకుపోయింది. ఎక్కడ పొరపాటు జరిగింది?

జవాబు: అమ్మాయీ, నీ మూడు ఇబ్బందులకీ మూడు కారణాలు. ఒక్కొక్కటే చూద్దాం.

ముందు డికాషన్. తాగే టీ బొమ్మకి చాలదు. తాగడానికైతే ఒగరు ఎక్కువ దిగకముందే వడకట్టేస్తాం. బొమ్మకి కావలసింది ఆ ఒగరే. పచ్చి టీ ఆకులోని ఒగరు పదార్థాలు, ఆకుని నలిపి గాలికి ఆరబెట్టినప్పుడు రంగు తిరుగుతాయి. అందులో థియాఫ్లేవిన్లు అనేవి పసుపూ నారింజా కలిసిన ఛాయ ఇస్తాయి, థియారుబిజిన్లు అనేవి ఎరుపూ గోధుమా కలిసిన ఛాయ ఇస్తాయి. మన కుంచెకి అందేది ఈ రెండూ.

పొడి కొనేటప్పుడు డస్ట్ టీ అడుగు, ఆకు టీ వద్దు. టీ కొట్లవాళ్లు వాడేది డస్టే. పళ్లున్న రోలర్ల మధ్య ఆకుని నలిపి, చించి, చుట్టి చేసే సి.టి.సి. పద్ధతి 1930లో అస్సాంలో మొదలైంది, విలియం మెక్కర్చర్ అనే ఆయన చేతుల మీదుగా. ఆ పద్ధతిలో ఆకు సన్నని రవ్వ అయిపోతుంది కాబట్టి రంగు త్వరగా, చిక్కగా దిగుతుంది. ఖరీదైన పొడి దండగ. సువాసనకి డబ్బు పెడతావు, కాగితానికి సువాసనతో పనిలేదు.

ఒక గ్లాసు నీళ్లకి నాలుగు పెద్ద చెంచాల పొడి. నీళ్లు తెర్లాక వేసి, సెగ తగ్గించి, పది నిమిషాలు మరగనివ్వు. దింపి మూతపెట్టి చల్లారేదాకా వదిలెయ్. తరవాత పాత నూలుగుడ్డలో పోసి దానంతట అది కారనివ్వు, పిండొద్దు. పిండితే నలుసులన్నీ దిగి, ఆరాక కాగితం గరగరలాడుతుంది. కారిన డికాషన్‌ని మళ్లీ స్టీలు గిన్నెలో సగానికి ఇగరబెట్టు. ఇది నీ ముదురు రంగు. ఇనుప మూకుడులో మాత్రం కాచొద్దు, కారణం కింద ఇంకో ప్రశ్నలో చెప్పాను.

బోరు నీళ్లు వాడొద్దు. చెన్నైలో చాలా వీధుల్లో బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఆ సున్నం టీలోని పదార్థాలతో కలిసి పైన తెట్టు కడుతుంది. పొద్దున తాగే టీలో చూసే ఉంటావు. ఆ తెట్టు కాగితం మీద మచ్చలుగా దిగుతుంది. తాగడానికి తెప్పించుకునే క్యాన్ నీళ్లు పోసుకో, గ్లాసు చాలు కదా.

ఇంకొకటి. చిక్కటి డికాషన్ చల్లారితే, ముఖ్యంగా ఫ్రిజ్‌లో పెడితే, తేటదనం పోయి మడ్డిగా అవుతుంది. చాలామంది పాడైందనుకుని పారబోస్తారు. పాడవలేదు. టీలోని కెఫీన్, ఆ రంగు పదార్థాలు చల్లదనానికి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, అంతే. గిన్నెని వేడినీళ్లలో నిలబెడితే మళ్లీ తేటపడుతుంది. గోరువెచ్చటి డికాషన్‌తోనే బొమ్మ వేయడం నాకు అలవాటు. కుంచెకీ హాయిగా ఉంటుంది.

ఆరాక రంగు తేలిపోవడం నీటిరంగులన్నిటికీ ఉన్నదే, టీకి ఇంకొంచెం ఎక్కువ. ఒక్క పూతలో ముదురు రాబట్టాలని చూడకు. పూత వేసి, పూర్తిగా ఆరనిచ్చి, మళ్లీ వెయ్. మన ఊరి గాలిలో తేమ తెలుసుగా, పైకి ఆరినట్టే ఉంటుంది. అరచేతి వెనక భాగం ఆనించి చూడు. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే, ఆగు. తడి మీద వేసిన రెండో పూత కింది పూతని లేపేస్తుంది. అయిదారు పూతలు ఓపికగా వేస్తే, చింతగింజ తొక్క రంగు దాకా దిగుతుంది.

అంచుల్లో గీత ఎందుకు వస్తుందో 1997లో షికాగో విశ్వవిద్యాలయంలో పరిశోధకులు తేల్చిచెప్పారు. బొట్టు అంచు దగ్గర నీళ్లు ముందు ఆవిరవుతాయి, ఆ లోటు పూడ్చడానికి మధ్యలోని నీళ్లు అంచుకి పారతాయి, పారుతూ రంగునంతా మోసుకుపోతాయి. వాళ్లు కాఫీ మరకలని చూసి మొదలుపెట్టారు, టీకీ అదే లెక్క. అంచు వద్దనుకుంటే కాగితం మీద నీళ్లు మడుగు కట్టనివ్వకు. పూత వేసిన వెంటనే శుభ్రమైన తడి కుంచెతో అంచుని మెత్తగా లాగెయ్. డికాషన్‌లో నానబెట్టి వడకట్టిన తుమ్మబంక నాలుగైదు చుక్కలు కలిపినా పారుడు తగ్గుతుంది. కొట్లో అమ్మే నీటిరంగుల్లో పట్టునిచ్చేది ఈ జాతి బంకే. ఇవన్నీ చెప్పాక ఒకటి చెప్పనీ, నాకైతే ఆ అంచు ఇష్టం. అరటాకు అంచు, పాత గోడ మీద పెచ్చు, ముసలివాళ్ల చేతి మీద నరాలు వేసేటప్పుడు ఆ గీతని రమ్మని పిలవాలి, పొమ్మనకూడదు.

కాగితం సంగతి చిన్నది. డ్రాయింగ్ షీటు ఇన్ని పూతలు తట్టుకోదు. నీటిరంగుల కాగితం, 300 జి.ఎస్.ఎం. మందంది కొను. మన ప్యారిస్ కార్నర్ దగ్గర అండర్సన్ స్ట్రీట్ అంతా కాగితం కొట్లే, పెద్ద షీటు కొని నాలుగో ఎనిమిదో ముక్కలు చేసుకుంటే గిట్టుబాటవుతుంది. నాలుగు అంచులూ అట్టకి టేపుతో బిగించి మొదలుపెట్టు.

ప్రశ్న (ఆవడి నుంచి టీ కొట్టు నడుపుకునే పాఠకుడు): మాది నెల్లూరు జిల్లా, ఇక్కడ కొట్టు పెట్టుకుని చాలా కాలమైంది. మా వాడు ఎనిమిదో తరగతి. బొమ్మలు బాగా వేస్తాడని బళ్లో అంటారు, రంగులు కొనివ్వలేకపోతున్నాను. రాత్రి కొట్టు కట్టేటప్పుడు డికాషన్, గుడ్డలో పిప్పి మిగులుతాయి. వాడికి పనికొస్తాయా?

జవాబు: తమ్ముడూ, ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిట్లో నీదే నాకు ముందు జవాబు రాయాలనిపించింది. పై ఉత్తరం రాసిన అమ్మాయి అరగంట పొయ్యి దగ్గర నిలబడి చేసుకోవలసిన రంగు నీ కొట్లో ఊరికే తయారవుతోంది. పొద్దుటి నుంచి బాయిలర్ వేడికి మాగి మాగి రాత్రికి మిగిలే డికాషన్ తాగడానికి చేదు, బొమ్మకి అమృతం. పిప్పిని కూడా పారెయ్యకు. దాన్ని మళ్లీ మరగబెడితే పలచటి తేనెరంగు దిగుతుంది. ఆకాశానికీ, ఒంటి ఛాయకీ మొదటి పూతగా అది చాలా బాగుంటుంది. ఒక్క జాగ్రత్త, పాలు తగిలిన గరిటె అందులో ముంచకు, చక్కెర పడనివ్వకు. గుడ్డలోంచి నేరుగా సీసాలోకి పట్టు.

వాడితో మొదటి వారం బొమ్మే వేయించొద్దు. కాగితం మీద వరసగా అయిదు గళ్లు గీసుకోమను. మొదటి గడి ఉత్త కాగితం, చివరిది వాడు రాబట్టగలిగినంత ముదురు. మధ్యలో మూడూ మెట్లు దిగినట్టు సమానంగా దిగాలి. వినడానికి తేలికే, పెద్దవాళ్లు కూడా మూడోదీ నాలుగోదీ ఒకేలా వేస్తారు. ఈ అయిదు గళ్లూ చేతికొస్తే రంగుల పెట్టె లేదన్న దిగులు వాడికి ఉండదు, నీకూ ఉండక్కర్లేదు.

తరవాత నీ కొట్లో గాజు గ్లాసు ఒకటి వాడి ముందు పెట్టు. సగం టీ ఉన్న గ్లాసు. మధ్యాహ్నం ఎండలో ఒకసారి, సాయంత్రం ట్యూబులైటు కింద ఒకసారి వెయ్యమను. టీలో తెల్ల రంగు లేదు, తెలుపంటే వదిలేసిన కాగితమే. గ్లాసు అంచు మీద మెరుపు ఎక్కడుందో కుంచె ముట్టకముందే చూసుకుని దాన్ని వదిలేయాలి. చూడటం ముందు, వేయడం తరవాత అన్నది పిల్లలకి నోటితో ఎంత చెప్పినా ఎక్కదు, గ్లాసు నేర్పుతుంది.

కుదిరిన ఆదివారం వాడిని ఎగ్మూరు మ్యూజియానికి తీసుకెళ్లు. 1851లో మొదలైన మ్యూజియం అది. అందులో మన అమరావతి స్తూపం తాలూకు పాలరాతి రంగు శిల్పాలున్నాయి, గుంటూరు దగ్గర నుంచి వచ్చినవి. నిజానికి అది సున్నపురాయి. అంత తక్కువ లోతులో చెక్కి, అంత మందిని నిలబెట్టడం చూస్తే నీడ ఎంత పని చేస్తుందో వాడికి కళ్లారా తెలుస్తుంది. తిరువాలంగాడు నటరాజు కంచు విగ్రహమూ అక్కడే ఉంది, టీ రంగుకి కంచు బొమ్మ ఎంత దగ్గరో వాడే చెబుతాడు. నోటుపుస్తకం, పెన్సిలు చాలు. అక్కడి వాళ్లని అడిగి, పెన్సిలుతో గీసుకొచ్చి, ఇంట్లో డికాషన్‌తో పూర్తి చెయ్యమను. బొమ్మ నాకు పంపించు తమ్ముడూ, తప్పకుండా పంపించు.

ప్రశ్న (వేళచ్చేరి నుంచి ఒక తల్లి): మా పాప పాలు కలిపిన టీతో వేస్తానని మారాం చేస్తోంది. రంగు బాగుందంటుంది. వేయనివ్వొచ్చా?

జవాబు: ఒక్క సాయంత్రం సరదాకి వేయనివ్వండి, ఆ కాగితం మాత్రం దాచొద్దు. పాలలోని మాంసకృత్తులు టీ ఒగరుని పట్టేసుకుంటాయి, అందుకే పాలు పోయగానే రంగు చప్పబడుతుంది. కాగితం మీద ఆ కొవ్వు జిడ్డుగా మిగులుతుంది, వారంలో కమురు వాసన, ఆపైన బూజు. పాపకి లేతరంగు కావాలంటే డికాషన్‌లో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండి చూపించండి. కళ్ల ముందే ముదురు గోధుమ తేలిక పసుపవుతుంది. ఇంకో గిన్నెలో చిటికెడు వంటసోడా వేయించండి, నల్లబడుతుంది. పులుపుకి తేలడం, క్షారానికి ముదరడం ఆ రంగు పదార్థాల గుణం. పాలటీ సంగతి పాపే మరిచిపోతుంది.

ప్రశ్న (పెరుంగుడి నుంచి ఐటీ ఉద్యోగి): అమ్మ షష్టిపూర్తికి ఆవిడ బొమ్మ టీతో వేసి, ఫ్రేము కట్టించి, హాల్లో బాల్కనీకి ఎదురుగా పెట్టాను. ఏడాదికల్లా సగం వెలిసిపోయింది. ఫ్రేము కట్టినవాళ్లు తక్కువరకం గాజు వేశారని ఇంట్లో అంటున్నారు. దీన్ని మళ్లీ బాగుచేయవచ్చా?

జవాబు: బాబూ, ఫ్రేము కట్టినవాళ్లని ఏమీ అనొద్దు. టీ రంగు ఎండకి నిలవదు. కొట్లో దొరికే మంచి గోధుమరంగులు చాలామటుకు మట్టి, ఇనుము ఆక్సైడు, అంటే రాయి జాతివి. వాటికి ఎండ లెక్కలేదు. టీ ఆకు రసం. వెలుతురు ఆ పదార్థాన్ని విరగ్గొడుతుంది, విరిగింది మళ్లీ అతకదు. నీ బాల్కనీకి ఎదురుగోడ అంటే పగలంతా వెలుతురు దాని మీదే.

వెలిసినదాని మీద మళ్లీ పూత వేయాలని నీకు అనిపిస్తుంది, వేయొద్దు. పాతపూత, కొత్తపూత వేరువేరుగా తేలిపోతాయి, ముఖం మచ్చలు పడుతుంది. నువ్వు వేసిన రోజున ఫోన్లో ఫొటో తీసుకునే ఉంటావు. దాన్ని చూసి ఇంకో బొమ్మ వెయ్. అమ్మని ఎదురుగా కూచోబెట్టుకుని వేస్తే ఇంకా మేలు. పాతదాన్ని పారెయ్యకుండా అల్మరాలో బట్టల మధ్య పడుకోబెట్టు, అక్కడ ఇంకెంతకాలమైనా ఆ మాత్రం నిలుస్తుంది.

కొత్తదానికి ఏం చేయాలో చెబుతాను. బొమ్మ ముగిసిన రోజే మంచి స్కానింగ్ చేయించు. గోడకి పెట్టదలిస్తే ఆ స్కాన్‌ని పిగ్మెంట్ సిరాతో (నీళ్లలో కరగని పొడిరంగుతో చేసిన సిరా అది) ప్రింటు తీయించి దాన్ని పెట్టు, అసలు బొమ్మని దాచు. అసలే గోడ మీద ఉండాలంటే కిటికీ ఉన్న గోడ మీదే పెట్టు, కిటికీకి ఎదురుగోడ మీద కాదు. అతినీలలోహిత కిరణాలని ఆపే గాజు దొరుకుతుంది, అది వెలవడాన్ని నెమ్మదిస్తుంది, ఆపదు. గాజుకీ కాగితానికీ మధ్య ఆమ్లం లేని మౌంటు అట్ట ఉండాలి, లేకపోతే తేమకి గాజుకి అంటుకుంటుంది. వార్నిష్ వేస్తే స్ప్రే మాత్రమే. కుంచెతో వేసే నీళ్ల వార్నిష్ టీని కరిగించి లాగేస్తుంది.

డబ్బు తీసుకుని టీ బొమ్మ వేసిచ్చేవాళ్లకి కూడా ఇదే మాట. ఇది వెలుస్తుంది అని కొనేవాళ్లకి ముందే చెప్పాలి. చెప్పకుండా అమ్మడం తప్పు. ఈ విషయంలో నేను ఎవరితోనూ సర్దుకోను.

నమ్మకం కుదరాలంటే ఒక పట్టీ మీద నీ డికాషన్ పూతలు వేసి, సగం నల్ల అట్టతో కప్పి, కిటికీ అద్దానికి లోపలి వైపు అంటించు. రెండు నెలలయ్యాక అట్ట తీసి చూడు. నా మాట కన్నా ఆ పట్టీ బాగా చెబుతుంది.

ప్రశ్న (చిత్రకళ చదువుతున్న విద్యార్థిని, ఎగ్మూరు): మేడమ్, టీ పూత మీద తుప్పు నీళ్లు వేస్తే నల్లగా మారుతుందని సీనియర్లు చెప్పారు. వేసి చూశాను, నిజంగానే నీలం కలిసిన నలుపు వచ్చింది. ఎందుకు మారుతుంది? కాగితానికి నష్టమా?

జవాబు: చాలా మంచి ప్రశ్న, తల్లీ. ఒగరుకీ ఇనుముకీ పుట్టిన నలుపు అది. దానికి మన ఇంట్లోనే గొప్ప చరిత్ర ఉంది. శ్రీకాళహస్తి కలంకారీ గుర్తు చేసుకో. అక్కడ బట్టని ముందు కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. కరక్కాయ ఒగరు దారంలోకి దిగుతుంది, పాల కొవ్వు సిరా పాకకుండా ఆపుతుంది. మరోవైపు బెల్లం, తుప్పుపట్టిన ఇనుపముక్కలు నీళ్లలో వేసి వారాల తరబడి పులియబెడతారు. ఆ పులిసిన నీళ్లు చూడటానికి అంత నల్లగా ఏమీ ఉండవు. వెదురు కలంతో బట్ట మీద గీత గీయగానే, బట్టలోని ఒగరు, కలంలోని ఇనుము కలిసి అక్కడికక్కడ నలుపు పుడుతుంది. నువ్వు చేసిందీ అదే. వాళ్లు కరక్కాయతో చేసేది నువ్వు టీతో చేశావు.

వేసిన క్షణాన బూడిదరంగులో ఉండి, తరవాత ముదరడం గమనించావా? ఇనుము గాలిలోని ప్రాణవాయువుతో కలిసేకొద్దీ నలుపు గట్టిపడుతుంది. అందుకని చాలలేదు కదా అని వెంటనే రెండోసారి వేయకు. రాత్రంతా వదిలి, పొద్దున చూసి నిర్ణయించుకో.

నష్టం ఉంది. యూరప్‌లో వందల ఏళ్లు ఇదే రసాయనంతో సిరా చేశారు, ఓక్ చెట్ల మీద వచ్చే కాయల ఒగరుకి అన్నభేది అనే ఇనుప లవణం కలిపి. ఆ సిరాతో రాసిన పాత ప్రతుల్లో కొన్నిచోట్ల అక్షరం ఉన్నంత మేరా కాగితం తినేసి, అక్షరం ఆకారంలో చిల్లులు పడ్డాయి. సిరాలోని ఆమ్లం ఒకవైపు, ఒగరుతో కలవకుండా మిగిలిపోయిన ఇనుము ఒకవైపు, రెండూ కాగితం పీచుని కొరుకుతాయి. కాబట్టి మితంగా వాడు. నాటుమందుల కొట్లో అన్నభేది దొరుకుతుంది. చిన్న గ్లాసు నీళ్లకి చిటికెడు చాలు, అంతకు మించొద్దు. టీ ఎక్కువ, ఇనుము తక్కువ ఉండాలి. తుప్పు కావాలనుకుంటే వెనిగర్‌లో స్టీలు పీచు రెండు రోజులు నానబెట్టినా సరిపోతుంది, సీసా మూత బిగించకు, గాలి పుడుతుంది. చేతికి తొడుగులు వేసుకో, పిల్లలకి అందకుండా పెట్టు. ఆ కుంచెని మళ్లీ ఉత్త టీలో ముంచకు, గిన్నె మొత్తం నల్లబడుతుంది. ఇనుప మూకుడు వద్దని పైన ఇంకో జవాబులో అన్నది ఇందుకే.

నలుపు మొత్తం బొమ్మంతా పులమకు. కంటిపాప, తలుపు సందు, బావి లోతు, అలాంటి చోట్ల రెండు మూడు బొట్లు పడితే మిగతా టీ రంగంతా ఒక్కసారిగా వెచ్చబడుతుంది. అది చూడటానికే ఈ శ్రమంతా.

నీ చదువు అయ్యేలోపు ఒకసారి శ్రీకాళహస్తి వెళ్లిరా. చెన్నై నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనం వేళకి ముందే దిగుతావు. గుడికి వెళ్లేవాళ్లంతా వెళ్తున్నారు, ఆ వీధుల్లో కలం పట్టుకున్న చేతుల్ని చూసొచ్చేవాళ్లు తక్కువ. ఆ కళకే జీవితాన్నిచ్చిన జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. మీ కళాశాల 1850లో మొదలైంది, గొప్పదే. ఆ బట్ట మీది చదువు దానికంటే చాలా పాతది.

ప్రశ్న (తాంబరం నుంచి రిటైరైన రైల్వే ఉద్యోగి): చిన్నప్పటి నుంచి చందమామ బొమ్మలు చూసి గీసుకునేవాణ్ని. వడ్డాది పాపయ్య గారంటే ప్రాణం. రిటైరయ్యాక టీతో మొదలుపెట్టి, నలభై దాకా వేశాను. ఒక గ్యాలరీవాళ్లకి చూపిస్తే, ఇది హాబీ కిందకి వస్తుంది గానీ చిత్రకళ కాదన్నారు. ఇంకొకరు, టీతో వేశానని పెద్దగా రాసిపెడితే జనం వస్తారన్నారు. ఏ మాట వినాలి?

జవాబు: అన్నయ్యగారూ, రెండూ వినొద్దు.

దేనితో వేశామన్నదాన్ని బట్టి కళ కాకుండా పోదు. మన ఊళ్లో సుద్ద, మసిబొగ్గు, గేరు (జేగురుమట్టి), బియ్యప్పిండి, పసుపు, ఆకుపసరు, వీటితో వేసినవన్నీ కళ కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? ఈ కాలంలోనూ టీని తీసుకుని పెద్ద పనులు చేసినవాళ్లున్నారు. మలేషియాకి చెందిన హాంగ్ యీ అనే కళాకారిణి 20,000 టీ సంచులని వేరువేరు ఛాయల్లో నానబెట్టి, టీ తిరగబోసే మనిషి బొమ్మ కట్టింది. అమెరికాలో రూబీ సిల్వియస్ 2015లో మొదలుపెట్టి, వాడేసిన టీ సంచులని ఆరబెట్టి వాటి మీద రోజుకొక చిన్న బొమ్మ వేసింది. ఇంగ్లండులో కార్న్ గ్రిఫిత్స్ సిరాతో పాటు టీని కూడా పోసి ముఖాలు వేస్తాడు.

రెండో సలహా నాకు మొదటిదానికన్నా ఎక్కువ బాధ కలిగించింది. టీతో వేశాను అని బోర్డు పెడితే జనం వచ్చి, అబ్బ టీతోనా అని ఆశ్చర్యపడి వెళ్లిపోతారు. బొమ్మ ఎవరూ చూడరు. మీరు పంపిన నాలుగు ఫొటోలూ నేను చాలాసేపు చూశాను. రైలుపెట్టె కిటికీలోంచి పడిన వెలుతురు ఆ ముసలామె ఒళ్లో అలా ఆగడం, అది చూసిన కన్ను గొప్పది. దానికి టీ సాయం చేసింది, అంతే. వచ్చినవాళ్లు ముందు ఆ వెలుతురు చూడాలి. దేనితో వేశారని వాళ్లు అడిగితే అప్పుడు చెప్పండి. అడక్కపోతే బొమ్మ వెనక పెన్సిలుతో రాసి ఊరుకోండి.

వ.పా. గారి బొమ్మల్లో మీరు ప్రాణం పెట్టి చూసింది రంగులనే అయి ఉండదు. మనిషి నడుము విరుపు, చీర కుచ్చిళ్ల బరువు, చెట్టు కింద చల్లదనం, అవే కదా. ఆయన బొమ్మ ఒకటి తీసుకుని, రంగులన్నీ తీసేసి, వెలుగూనీడా మటుకే టీలో దించండి. ఎక్కడ ముదురు పెట్టారో, ఎక్కడ వదిలారో మీ చేతికే తెలిసిపోతుంది. అమ్మకానికి కాదు, మీ అభ్యాసానికి.

ఒక్కచోట మిమ్మల్ని గట్టిగా అడుగుతాను. నాలుగు బొమ్మల్లోనూ ముదురు చోట్లు భయం భయంగా ఉన్నాయి. మూడో ఛాయ దగ్గరే ఆగిపోయారు. ఆ పెట్టె మూల ఇంకో నాలుగు పూతలు పడాలి. పాడవుతుందని ఆగొద్దు, పాడైతే ఇంకోటి వేద్దురుగాని.

ప్రశ్న (కొరట్టూరు, రాయపురం, మైలాపూరు నుంచి పలువురు): బూజు, చీమలు, వాసన. ఏం చేయాలి?

జవాబు: చక్కెర లేని డికాషన్‌కి చీమలు రావు. వచ్చాయంటే చెంచాకి ఎక్కడో తీపి తగిలింది. బూజు మాత్రం ఐప్పశి, కార్తిగై అనే తమిళ మాసాల (అక్టోబరు నుంచి డిసెంబరు దాకా) వానల్లో మన ఊళ్లో ఎవరినీ వదలదు. డికాషన్ సీసాలో ఒక చుక్క లవంగనూనె వేసి ఫ్రిజ్‌లో పెట్టండి, నాలుగైదు రోజులు నిలుస్తుంది. పైన తెల్లటి పొర కనిపించిందంటే పారబోయండి, ఆ పొర తీసి వాడొద్దు. బొమ్మలని ఒకదాని మీద ఒకటి పెట్టేటప్పుడు మధ్యలో వెన్న కాగితం, డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు. సముద్రం దగ్గర ఉండేవాళ్లు ఆ పొట్లాలని తరచూ మార్చాలి. గోడకి ఫ్రేము పెడితే వెనకాల కింది రెండు మూలల్లో రబ్బరు బిళ్లలు అంటించండి, గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుతుంది.

ప్రశ్న (అన్నానగర్ నుంచి ఇంటర్ విద్యార్థిని): ఆంటీ, గ్రీన్ టీ, శంఖుపువ్వు టీ, మందారం టీ కూడా వాడొచ్చా? వాడేసిన టీ సంచి మీద ఎలా వేయాలి?

జవాబు: గ్రీన్ టీ ఆకుని కోసిన వెంటనే వేడి తగిలించి రంగు తిరగకుండా ఆపేస్తారు, అందుకని దాంట్లో లేత పసుపు తప్ప ఏమీ దిగదు. మొదటి పూతకి పనికొస్తుంది. శంఖుపువ్వు, మందారం నిజానికి టీ మొక్కే కాదు, పూలు. శంఖుపువ్వు నీలం భలే ఉంటుంది, నిమ్మరసం తగిలితే ఊదా అవుతుంది. ఆడుకో. కానీ ఆ పూల రంగులు టీ కన్నా త్వరగా పోతాయి. నోటుపుస్తకంలో వేసి మూసిపెట్టుకో, గోడకి పెట్టకు.

టీ సంచి కాగితంలో చాలావాటికి అబాకా నార వాడతారు. ఫిలిప్పీన్స్‌లో పండే అరటి జాతి మొక్క అది. అందుకే తడిసినా చిరగదు. సంచిని పూర్తిగా ఆరబెట్టి, ఒక పక్క మడత విప్పి, పొడి దులిపెయ్. తాగినప్పుడు పడిన మరకని తుడిచెయ్యాలని చూడకు, ఆ మరకలో కొండో మేఘమో కనిపిస్తే దాన్నుంచే మొదలుపెట్టు. రంగు పలచన చేసి, కుంచె దాదాపు పొడిగా ఉన్నప్పుడు వెయ్, తడి ఎక్కువైతే పాకుతుంది. కొన్ని కంపెనీల సంచులు ప్లాస్టిక్ దారంతో నేసినవి ఉంటాయి, వాటి మీద రంగు పట్టదు. కొనే ముందు ఒకటి నలిపి చూడు, కాగితం చప్పుడు రావాలి.

వచ్చే నెల ఈ శీర్షికలో మట్టిరంగులు. ఎర్రమట్టి, గేరు, సుద్ద ఇంట్లో నూరుకోవడం గురించి ఎవరికేం సందేహమున్నా ఈ నెలాఖరులోగా రాయండి. బొమ్మలు పంపేవాళ్లు వెనకవైపు ఏ కాగితం, ఎన్ని పూతలు అన్నది రాసి పంపితే నాకు చెప్పడం తేలికవుతుంది.